వదినకు కరెంటు పెట్టించడానికి నూజివీడు వెళ్ళాం

మా వదిన స్నానం గురించి నలుగురికీ చెప్పడానికి ఆవిడే ఒప్పుకుంది. "రాస్తే రాయి గానీ, నన్ను మంచాన పడ్డ ముసిల్దాన్లా రాయకు" అని ఒక షరతు పెట్టింది. ఆ షరతుకు లోబడే రాస్తున్నాను.

మాది విజయనగరం. అన్నయ్య పోయాక నేనూ, మా వదిన పైడమ్మా ఒకే ఇంట్లో ఉంటున్నాం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళు భోజనాల మెస్సు నడిపింది. గ్యాసు వచ్చాక కూడా పెద్ద గుండిగలకు కట్టెల పొయ్యే వాడింది. బీడీ గానీ చుట్ట గానీ ముట్టని మనిషికి సీఓపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బేమిటని నేను డాక్టరుతో గొడవ పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళ పొయ్యి పొగ చాలునమ్మా అని ఆయన ఓపిగ్గా చెప్పి, రోజూ పీల్చే మందు రాసిచ్చాడు.

మందు పనిచేస్తోంది గానీ ఆయాసమంటే పట్టుకున్న భయం వదల్లేదు. రెండు చెంబులు ఎత్తేసరికి ఊపిరి అందదు. దాంతో ఏడాదిగా స్నానం నేనే చేయిస్తున్నాను. నేను నీళ్ళు పోస్తుంటే ఆవిడ గోడవైపు తిరిగి కళ్ళు మూసుకుని కూర్చునేది. ఊరందరికీ వండి వడ్డించిన మనిషి అలా ముడుచుకుని కూర్చుంటే నేను గబగబా నీళ్ళు పోసేసేదాన్ని. ఒకరోజు తల తుడుస్తుంటే, "సుగుణా, సచ్చేలోగా ఒక్కసారి తలుపేసుకుని నా స్నానం నాను సేసుకోవాలే" అంది. అంతకుమించి ఆవిడ నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

నాతో పనిచేసిన ఒకావిడది నూజివీడు. అక్కడ ఒక ఫిజియోథెరపిస్టు ఇలాంటివాళ్ళకు ఆక్యుపంక్చర్ పాయింట్ల మీద సన్నగా కరెంటు పెట్టి, నడిపించి, ఊపిరి తీయడం నేర్పిస్తోందని చెప్పింది. మా డాక్టరును అడిగాను. "మందులు మానకుండా వెళ్ళండి. మేలు జరగొచ్చు, జరక్కపోవచ్చు" అన్నాడు. రెండో మాట నేను చెవిన వేసుకోలేదు. నేను పూనుకున్న పని జరక్కపోవడమేమిటి?

ఏలూరు దాటాక

ఏలూరులో రైలు దిగి కారెక్కాం. కాలువలూ వరిచేలూ వెనకబడ్డాక నేల ఎర్రబడింది, రోడ్డుకు రెండువైపులా మామిడి తోటలు మొదలయ్యాయి. మే నెల. కాయల బరువుకు కొమ్మలు నేలను తాకుతున్నాయి, కింద వెదురు కర్రలు పోటు పెట్టారు. గాలిలో పండు వాసన, ఎండిన గడ్డి వాసన కలిసి వస్తున్నాయి. వదిన కిటికీ అద్దం దించమంది. దుమ్మని నేను వద్దన్నాను. "నువ్వు నాకు మొగుడివా?" అని తనే దించుకుంది.

దారిలో ఒక తోట ముందు తాటాకు పాక వేసి పళ్ళు అమ్ముతున్నారు. విజయనగరంలో రెండు రసాలకు పెట్టే డబ్బుకు ఇక్కడ అరడజను ఇచ్చి, పైన ఒకటి కొసరు వేశారు. ఆత్రం పట్టలేక ముచ్చిక దగ్గర సొన పిండకుండానే పండును నోటికి పెట్టుకున్నాను. మర్నాటికి నా పై పెదవి బూరెలా పొంగింది. వైద్యానికి వచ్చింది ఎవరని క్లినిక్కులో అడిగితే జనం నన్ను చూపించారు.

నూజివీడు, పెట్టెల సందు

నాతో పనిచేసిన ఆవిడే మాకు నాగమణిగారింట్లో గది మాట్లాడింది. వాళ్ళాయన మామిడి వ్యాపారి. ఇంటి ముందు సందంతా ప్లాస్టిక్ పెట్టెలూ, వరిగడ్డి మోపులూ, లారీ ఎక్కించే మనుషులూ. సీజన్లో ఆ ఇంట్లో ఎవరూ కూర్చుని అన్నం తిన్నట్టు నేను చూడలేదు. మాకు మాత్రం పీటలు వేసి, విస్తళ్ళు పరిచి వడ్డించారు.

"మొహమాటపడకండి అక్కయ్యగారూ" అని నాగమణిగారు వదిన విస్తట్లో ముద్దపప్పు మీద నెయ్యి ధారగా పోశారు. కొత్తావకాయ వేశారు. చివర్లో పెరుగన్నంలో రసం పండు పిండారు. మా వైపు ఆవకాయలో బెల్లం వేస్తామంటే, ఆవిడ నొచ్చుకున్నట్టు చూసి, "అలాగా అండీ" అన్నారు. కృష్ణా వైపు మనుషులకు ఏదైనా నచ్చకపోతే 'అలాగా అండీ' అంటారని నాకు రెండు రోజుల్లో తెలిసిపోయింది.

మొదటి రోజే నేను నాగమణిగారికి అంతా చెప్పాను. పొగ వల్ల వచ్చిన జబ్బు, కడుపు నిండా తింటే ఆయాసం, స్నానం తనే చేసుకోవాలన్న కోరిక, అన్నీ. ఆవిడ వదిన చెయ్యి పట్టుకుని, "చేసుకుంటారండీ. ఇక్కణ్ణుంచి మీరు అలా చేసుకునే వెళ్తారు" అన్నారు. ఆ మాటతో ఆవిడ నాకు నచ్చేశారు. నాలాంటి మనిషే.

చీమలు పాకినట్టు

ఫిజియోథెరపిస్టు పేరు హరిత. ముప్ఫై దాటి ఉండవు. రాగానే వదిన మందులన్నీ చూసి, గుండెకు పేస్‌మేకర్ ఉందా అని అడిగింది. ఉంటే ఈ కరెంటు పెట్టకూడదట. తర్వాత మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళు కొలిచి, బయటివైపు ఒక జిగురు బిళ్ళ అంటించింది. మెడ కింద వెన్నుకు అటూ ఇటూ రెండు. బిళ్ళలకు సన్నటి తీగలు, తీగలకు అరచేతిలో పట్టే పెట్టె. సూదులు లేవు.

"ఎలా ఉందమ్మా?"

"సీమలు పాకినట్టుంది" అంది వదిన.

"అంతే ఉండాలి. నొప్పి పుడితే చెప్పండి, తగ్గిస్తాను."

పక్క కుర్చీలో వెంకటరత్నంగారని చాట్రాయి రైతు కూర్చున్నాడు. నలభై ఏళ్ళు చుట్ట తాగాడు. ఆయనకూ అదే జబ్బు. "నాకు తెలీట్లా తల్లీ, ఇంకో పాయింటు పెంచు" అని ఆయన రోజూ అడుగుతాడు. హరిత రోజూ కుదరదంటుంది. "లో ఓల్టేజీ అమ్మా ఇది. ఈ కరెంటుకి మోటారు తిరగదు" అని ఆయన మాకు ఫిర్యాదు చేశాడు.

ఎన్నాళ్ళకు నయమవుతుందని నేను హరితను నిలదీశాను.

"నయం కాదండీ" అంది సూటిగా. "పాడైన ఊపిరితిత్తుల్ని ఇది బాగుచెయ్యదు. కొంతమందికి ఆయాసం అనిపించడం తగ్గుతుంది. అందరికీ తగ్గుతుందని నేను చెప్పలేను. తగ్గితే, ఆ కాసేపట్లో నడిపించి కాళ్ళకి బలం తెచ్చుకోవాలి. ఇన్‌హేలర్ మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు."

నాకు కోపం వచ్చింది. ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అనిపించింది. కానీ అబద్ధం చెప్పి డబ్బు గుంజేవాళ్ళను బ్యాంకులో చాలామందిని చూశాను కాబట్టి, ఈ పిల్లను నమ్మొచ్చని కూడా అప్పుడే అనుకున్నాను.

బిళ్ళలు తీశాక వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి వరండాలో నడిపించింది. పెదవులు ముడిచి మెల్లగా గాలి వదలడం నేర్పింది. "పొయ్యి ఊదినట్టు, కానీ నిదానంగా ఊదండమ్మా."

"ఊదీ ఊదే గదమ్మా ఇలాగయ్యేను" అంది వదిన. అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నవ్వితే దగ్గొచ్చే మనుషులు కాబట్టి అది ఆగడానికి చాలాసేపు పట్టింది.

చాట్రాయి తోట

ఒక ఆదివారం వెంకటరత్నంగారు మమ్మల్ని తోటకు పిలిచాడు. కోత జరుగుతోంది. పొడుగాటి గడకు చిక్కం కట్టి, కాయను చిక్కంలో పడేట్టు లాగి దించుతున్నారు. నేల మీద పడిన కాయను వేరే కుప్పలో వేస్తారు, దెబ్బ కనపడకపోయినా సరే. బంగినపల్లి ఒకవైపు, రసాలు ఒకవైపు, జ్యూసు ఫ్యాక్టరీకి వెళ్ళే కలెక్టరు కాయలు ఇంకోవైపు పోశారు.

నేను ఊరుకుంటానా? మా విజయనగరం వైపు భీమాళి తాండ్ర ముందు ఏ పండైనా దిగదుడుపే అన్నాను.

"తాండ్రంటే పండుని ఎండబెట్టడవేగా. పండే ఉండగా తాండ్రెందుకండీ?" అన్నాడాయన.

"పండు రెండు నెలలు. తాండ్ర ఏడాది పొడుగూతా" అంది వదిన. ఆయన లోపలికెళ్ళి ఇంకో బుట్ట పట్టుకొచ్చాడు.

చల్లబడ్డాక ఆయనా, వదినా తోటలో నడక మొదలుపెట్టారు. ఆదివారం క్లినిక్కు ఉండదు కాబట్టి హరిత ముందురోజే చిన్న పెట్టె ఇచ్చి, బిళ్ళలు ఎక్కడ అంటించాలో నాకు నేర్పి పంపింది. కాసేపు కరెంటు పెట్టి, బిళ్ళలు తీసి ఇద్దర్నీ వదిలాను. మొదట చెట్టుచెట్టుకూ ఆగారు. "మీరాగితే నేనాగుతా" అని ఆయనా, "మీరే ఆగారు ముందు" అని ఈవిడా. తర్వాత ఇద్దరూ మాటలు మానేసి ఊదుకుంటూ నడిచారు. వదిన ఒక వరస ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఆగకుండా వెళ్ళింది. అక్కడ తిరిగి నన్ను చూసి చెయ్యి ఊపింది. నాకు కళ్ళు చెమర్చాయి. దుమ్ము పడిందని చెప్పి తుడుచుకున్నాను.

ఇంటికి రాగానే వదిన చెప్పింది: "రేపు స్నానం నాను సేసుకుంటాను."

పెరట్లో పొయ్యి

నాగమణిగారు ఆ మాట విన్నారు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. జబ్బు చేసి లేచిన మనిషికి, బాలింతకు మొదటి స్నానం మామిడి పుల్లల మీద కాగిన నీళ్ళతోనే చేయిస్తారు. గీజరు నీళ్ళు ఒంటికి పట్టవని వాళ్ళ నమ్మకం. మర్నాడు మాకంటే ముందే లేచి, పెరట్లో స్నానాల గది వెనక గోడ పక్కన మట్టి పొయ్యి మీద పెద్ద కాగు ఎక్కించారు. ఎండు మామిడి కొమ్మలు పెట్టారు. అంటుకోకపోతే పెట్టెల్లోంచి వరిగడ్డి తెచ్చి వేశారు. వేపాకు కూడా వేశారు.

నాకు ఇవేవీ తెలియవు. నేను వీధి అరుగు మీద కాఫీ తాగుతున్నాను. లోపల బకెట్లో వేడినీళ్ళు సిద్ధంగా ఉంటే, గీజరువే అనుకుని వదిన వెళ్ళి కూర్చుంది. గడియ పెట్టొద్దని నేను గట్టిగా చెప్పాను కాబట్టి తలుపు దగ్గరగా వేసుకుంది. రెండో దఫా నీళ్ళకోసం నాగమణిగారు మళ్ళీ గడ్డి వేశారు. పొగంతా వెంటిలేటర్లోంచి లోపలికి వెళ్ళింది.

బకెట్టు దొర్లిన చప్పుడు విని పరిగెత్తాను. వదిన గోడ పట్టుకుని వంగిపోయి ఉంది. పెదవులు నల్లబడుతున్నాయి. మాట రావట్లేదు. చీర చుట్టబెట్టి ముందు గదిలోకి తెచ్చి, ముందుకు వంచి కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ పట్టాను.  మళ్ళీ పట్టాను. హరితకు ఫోన్ చేస్తే స్కూటీ మీద వచ్చింది, ఆటోలో ఊళ్ళో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మధ్యాహ్నానికి వదిన తేరుకుంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. నాగమణిగారి మీద అరిచాను.

"పొగ వల్ల జబ్బు పడ్డ మనిషని వచ్చిన రోజే చెప్పాను కదండీ!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు. "మెస్సులో పొగ అనుకున్నానండీ. ఇది మామిడి పుల్లల పొగ కదండీ. హోమానికి వాడేది ఇవేగా. ఈ పొగ మంచిదని మా అత్తగారు చెప్పేవారు."

నేను అరవడం మానేసి వదినకు విసరడం మొదలుపెట్టాను. 

"ఆవిణ్ణి ఒగ్గేయ్" అంది వదిన పడుకునే. "నాకోసం పొయ్యి ఎలిగించింది. నానైనా ఎలిగిద్దును." గోడవైపు తిరిగి, "టికెట్లు తియ్యి, ఎల్లిపోదాం. నా నీళ్ళు నువ్వే పొయ్యి" అంది.

ఆవిడ గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. అదే నన్ను భయపెట్టింది. మర్నాటి రైలుకు టికెట్లు తీశాను.

ఎప్పుడూ ఉండేదే

మర్నాడు పొద్దున బట్టలు సర్దుతున్నాను. పెరట్లో నాగమణిగారు పొయ్యిలోంచి బూడిద ఎత్తుతూ దగ్గుతున్నారు. ఆ ఇంట్లో ఆ దగ్గు రోజూ వినపడేదే, నేను పట్టించుకోలేదు. వదిన మంచం మీంచి లేచి గుమ్మం దాకా వెళ్ళింది.

"ఆ దగ్గు ఎన్నాళ్ళ నుంచి?"

"ఇదా అక్కయ్యగారూ? ఎప్పుడూ ఉండేదేనండీ. గడ్డి దుమ్ము."

"నాకూ ఎప్పుడూ ఉండేదే. మెట్లెక్కితే?"

"మెట్లు మా కోడలు ఎక్కుతుందండీ" అన్నారు నాగమణిగారు. "నేను డాబా మీదకెళ్ళి రెండేళ్ళయింది. మోకాళ్ళు."

"మోకాళ్ళు నొప్పా, ఊపిరి అందదా?"

నాగమణిగారు చేతిలో బూడిద చేటతో అలాగే నిలబడ్డారు.

"సుగుణా, టికెట్లు కేన్సిలు సెయ్యి" అంది వదిన. "ఈవిడ్ని హరిత కాడికి తీసుకెల్లాలి. ఒక్కర్తినీ పొమ్మంటే ఎల్లదు. నానూ ఎల్లలేదు."

ముందురోజే ఇంటికి వెళ్ళిపోదామన్న మనిషి, నాగమణిగారి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కింది. హరిత నాగమణిగారి చేత గొట్టంలోకి ఊదించి, డాక్టరు దగ్గరికి పంపింది. జబ్బు మొదలైంది గానీ ముదరలేదన్నారు. ఆ సాయంత్రం ఆవిడే మనిషిని పెట్టి గునపంతో పొయ్యిని పెళ్ళగించారు. అత్తగారి నాటి పొయ్యి అని వాళ్ళాయన గొణిగితే, "అలాగా అండీ" అన్నారు.

వదిన కరెంటు మళ్ళీ మొదలైంది. ఇప్పుడు పక్క కుర్చీలో నాగమణిగారు కూర్చుంటున్నారు. ఆవిడకు కరెంటు అక్కర్లేదంది హరిత, నడక చాలంది. అయినా, "నాకెందుకు పెట్టరండీ, అందరికీ పెడుతున్నారుగా" అని ఆవిడ పట్టు. వెంకటరత్నంగారు, "నాది తీసుకోండమ్మా, ఎలాగూ లో ఓల్టేజే" అన్నాడు.

హరిత స్నానాన్ని కూడా ఒక కసరత్తులా నేర్పింది. బట్టల మీదే, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోబెట్టి, ఖాళీ చెంబుతో. "చెంబు ఎత్తేటప్పుడు గాలి వదలాలి. దించాక పీల్చాలి. తొందరేం లేదు, రైలు తప్పిపోతుందా ఏంటి?" వదిన చెంబు ఎత్తేటప్పుడు గాలి బిగబట్టేది. గుండిగలు దించిన అలవాటు. అది మానడానికి చాలా రోజులు పట్టింది. పొగలో ఉక్కిరిబిక్కిరైన భయం పోవడానికి ఇంకా ఎక్కువ పట్టింది. స్నానాల గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేది. నేను ఏమీ అనలేదు. అనకుండా ఉండడం నాకెంత కష్టమో మా వాళ్ళకు తెలుసు.

పనిచేసింది కరెంటా, నడకా, ఊపిరి పాఠమా అని చివర్లో హరితను అడిగాను. "విడదీసి చెప్పలేనండీ" అంది. నేను చెప్పగలను. మూడూ పనిచేశాయి, వాటిమీద మా వదిన మొండితనం పనిచేసింది. మీ ఇంట్లో ఇలాంటి ఆయాసం మనిషి ఉంటే ముందు డాక్టరు మందు, తర్వాతే ఇవన్నీ. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే అన్నిటికంటే ముందు దాన్ని తవ్వించండి.

తలుపు

రసాలు అయిపోవచ్చాయి. ఇంటి ముందు పెట్టెలు తగ్గాయి. ఒకరోజు క్లినిక్కునుంచి రాగానే వదిన నాతో ఏమీ చెప్పకుండా తువ్వాలు, చీర భుజాన వేసుకుని పెరట్లోకి నడిచింది. వెనకే వెళ్ళాను. స్నానాల గదిలోకి వెళ్ళి, నా మొహం మీదే తలుపు వేసింది. గడియ పడింది.

గడియ పెట్టొద్దని అరవబోయాను. అరవలేదు. తలుపుకు చెవి ఆనించాను. కాసేపు ఏమీ వినపడలేదు. గాలి ఊదిన చప్పుడు వినిపించింది, వెంటనే నీళ్ళు పడ్డాయి.   మళ్ళీ ఊదింది. మళ్ళీ నీళ్ళు. మధ్యలో చాలాసేపు ఆగింది, ఆగినంతసేపూ నేను ఊపిరి తీయలేదు. సబ్బు వాసన వచ్చింది. సన్నగా దగ్గింది. మళ్ళీ నీళ్ళు.

"సుగుణా."

"ఆఁ, ఏంటి వదినా? తలుపు తియ్యి. ఆయాసంగా ఉందా?"

"అక్కడేటి సేస్తన్నావు?"

"ఏం లేదు. ఊరికే."

"అయితే ఫో. నా స్నానం నన్ను సేసుకోనీ."

పెరటి గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చాను. నాగమణిగారు మాగాయ ముక్కలు కోస్తున్నారు. నా మొహం చూసి కత్తిపీట పక్కకు నెట్టి, గాభరాగా లేచారు.

"ఏమైందండీ? ఎందుకేడుస్తున్నారు?"

"మా వదిన నన్ను పొమ్మందండీ" అన్నాను.